సూర్యుడి స్థానికత తేల్చాలి

ముందే చెబుతున్నాను, సూర్యభగవానుడి మీద నాకు వ్యక్తిగతంగా ఏ కక్షా లేదు. రథసప్తమి నాడు నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని తలస్నానం చేసేవాళ్ళలో నేనూ ఉన్నాను. కానీ దేవుడు దేవుడే, చట్టం చట్టమే. విద్యుత్ చట్టం 2003 జూన్ 10 నుంచి అమల్లో ఉంది. బొగ్గు ప్లాంటు కానివ్వండి, డ్యామ్ కానివ్వండి, ఈ దేశంలో కరెంటు పుట్టించే వాళ్ళంతా దానికి లోబడే బతుకుతున్నారు. లోబడనిది ఆయనొక్కడే. అందుకని రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ నియంత్రణ మండళ్ళూ, ఢిల్లీలోని కేంద్ర మండలీ ఈ వ్యాసాన్నే నా అభ్యంతర పత్రంగా స్వీకరించాలని మనవి. బహిరంగ విచారణ అని ఏటా పేపర్లో ప్రకటన వేస్తారు, ఎవరో ఒకరు వెళ్ళకపోతే బాగుండదు.

మన గ్రిడ్‌లో రోజంటే 24 గంటలు కాదు, 96 బ్లాకులు. ఒక్కో బ్లాకు పావుగంట. రేపు ఏ పావుగంటలో ఎన్ని మెగావాట్లు ఇస్తారో ఉత్పత్తిదారులు ఇవాళే రాసివ్వాలి. ఏ పావుగంటలో ఎంత తీసుకుంటాయో డిస్కంలు, అంటే మన ఇళ్ళకు కరెంటు పంచే సంస్థలు, రాసివ్వాలి. రాసినదానికీ జరిగినదానికీ తేడా వస్తే డీవియేషన్ చార్జీలు పడతాయి. ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలబడాలంటే ఈ మాత్రం క్రమశిక్షణ ఉండాల్సిందే. మరి ఈయన? కదిరి దగ్గర ఎన్‌.పి.కుంట సోలార్ పార్కు మీదికి ఒక మబ్బుతునక వచ్చి నిలబడితే చాలు, రాసిచ్చిన షెడ్యూలంతా తారుమారు. జరిమానా కట్టేది మాత్రం ప్యానెళ్ళు పెట్టినవాడు. అసలు దోషికి ఇంతవరకు ఒక్క నోటీసు వెళ్ళలేదు.

టైమంటే తెలియని మనిషైతే పోనీలే అనుకోవచ్చు. శ్రీకాకుళం పక్కన అరసవల్లిలో ఏటా మార్చిలోనూ అక్టోబరులోనూ పంచాంగం చూసుకున్నట్టు వచ్చి, గర్భగుడిలో మూలవిరాట్టు పాదాలు తాకి వెళ్తాడు. అంటే తన పాదాలు తనే తాకడానికి షెడ్యూలు పాటించగలడు. మబ్బు పట్టి రాలేకపోయిన ఏడాది కూడా ఉంటుంది. తెల్లవారకముందే వచ్చి క్యూలో నిలబడిన భక్తులకు ఆ రోజు డీవియేషన్ చార్జీ కట్టిన దాఖలా మాత్రం లేదు.

ఇది చిన్న తప్పే. పెద్ద తప్పు ఆయన మధ్యాహ్నం పూట చేస్తాడు.

కరెంటు ఇప్పుడు అంగట్లో సరుకు. 2008 నుంచి కరెంటు కొని అమ్మే ఎక్స్ఛేంజీలు నడుస్తున్నాయి, ఇప్పుడు మూడున్నాయి. రేపటి కరెంటు ఇవాళ కొనుక్కోవచ్చు. 2020 జూన్ నుంచి, ఇంకాసేపట్లో కావలసిన కరెంటును కూడా అప్పటికప్పుడు వేలంలో కొనుక్కోవచ్చు. మూడు ఎక్స్ఛేంజీల్లో మూడు ధరలెందుకు, అన్నిటినీ కలిపి ఒకే ధర తేల్చాలని 2025 జులైలో కేంద్ర మండలి ఆదేశం కూడా ఇచ్చింది, దీని పేరు మార్కెట్ కప్లింగ్. ఇంత పకడ్బందీ మార్కెట్లో, 2025 మే నెలలో ఒక ఆదివారం పగటిపూట కొన్ని బ్లాకుల్లో యూనిట్ ధర సున్నా దగ్గరికి జారింది. ఎండ ఎక్కువ, వాడకం తక్కువ. అదే మార్కెట్లో దీపాలు పెట్టే వేళకు ధర నిచ్చెనెక్కి పది రూపాయల పైకప్పు తాకి ఆగిన రోజులు బోలెడు. పది దాటకూడదని 2023 ఏప్రిల్ నుంచి గీత గీశారు కాబట్టి పది. లేకపోతే ఎక్కడికి పోయేదో ఆ సూర్యుడికే తెలియాలి, కానీ ఆ వేళకు ఆయన ఉండడు.

మదనపల్లె టమాటా రైతుకు ఈ బాధ కొత్తదేం కాదు. అందరి కాపూ ఒకేసారి వస్తే కోత కూలి కూడా రాదు, ఎవరి దగ్గరా లేనప్పుడు కిలో వంద. కాకపోతే టమాటాలు రోడ్డు మీద పారబోస్తే పేపర్లో ఫొటో వస్తుంది. పారబోసిన ఎండకు ఫొటో ఉండదు.

పారబోయడం ఎలా జరుగుతుందో చూడండి. మిట్టమధ్యాహ్నం గ్రిడ్‌ను నడిపే లోడ్ డిస్పాచ్ సెంటర్ నుంచి సోలార్ ప్లాంటుకు ఫోనొస్తుంది.

"ఏమండీ, అక్కడ వాతావరణం ఎలా ఉంది?"

"ఎండ బ్రహ్మాండంగా ఉంది సార్. ఒక్క మబ్బు లేదు."

"అదే ప్రాబ్లం. సగానికి తగ్గించండి."

దీన్ని బ్యాక్‌డౌన్ అంటారు. గాలి, సౌర ప్లాంట్లను ఇలా తగ్గించమనడానికి వీల్లేదు, అవి మస్ట్ రన్, అంటే నడిచి తీరాల్సినవి అని 2021 అక్టోబరులో కేంద్రం నిబంధనలు తెచ్చింది. డబ్బు లెక్కలు చూసుకుని ఆపకూడదు, ఆపితే పరిహారం కట్టాలి అని స్పష్టంగా రాసింది. సాంకేతిక ఇబ్బంది ఉన్నప్పుడు, గ్రిడ్ భద్రతకు ముప్పున్నప్పుడు తప్ప, అని ఒక మినహాయింపు పెట్టింది. ఆ మరుసటి రోజు నుంచీ డబ్బు లెక్కలు చూసుకుని ఆపినవాడు ఒక్కడు కూడా లేడు. ఎప్పుడు ఆపినా గ్రిడ్ భద్రతే.

మరి ఆ వేళకు బొగ్గు ప్లాంటును ఆపొచ్చు కదా అని అమాయకులు అడుగుతారు. కుదరదు. బాయిలర్‌ను మధ్యాహ్నం ఆర్పి ఏడింటికల్లా మళ్ళీ రాజేయడం కాని పని. 55 శాతానికి తగ్గకుండా మండుతూ ఉంటేనే సాయంత్రం పూర్తిగా లేస్తుంది. పైగా దాని కరెంటు తీసుకున్నా తీసుకోకపోయినా ఫిక్స్‌డ్ చార్జీలు కట్టాలి, ఒప్పందంలో ఉంది. ఈ నిబంధనలు రాసినవాళ్ళ కళ్ళ ముందు ఉన్నది బొగ్గు. బొగ్గుకు వేళాపాళా లేదు, వెయ్యమన్నప్పుడు మండుతుంది, రాత్రి పన్నెండింటికి కూడా షెడ్యూలు పాటిస్తుంది. ఎండ తర్వాత వచ్చింది. వచ్చినవాడు ఇంటి పద్ధతి నేర్చుకోవాలి గానీ, వాడి కోసం ఇల్లు మార్చుకుంటామా? ఇరవై ఏళ్ళుగా మన విధానమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతోంది. నాకైతే సమాధానం తేలిగ్గానే కనిపిస్తోంది, సూర్యుడిదే తప్పు.

ఇక అసలు విషయానికి వస్తాను. సూర్యుడు ఏ రాష్ట్రం వాడు?

నవ్వకండి. 2015 జూన్‌లో తెలంగాణ విద్యుత్ సంస్థలు 1,157 మంది ఉద్యోగులను ఆంధ్రా స్థానికులని రిలీవ్ చేశాయి. వాళ్ళను అక్కడ వెంటనే చేర్చుకోలేదు. కోర్టులు, కమిటీలు, ఏళ్ళ తరబడి ఆ మనుషులు రెండు రాష్ట్రాల మధ్య వేలాడారు. కరెంటు మీద పనిచేసే మనిషికే స్థానికత ఇంత తేల్చాల్సి వచ్చినప్పుడు, కరెంటు ఇచ్చేవాడి సంగతి తేల్చొద్దా? రాష్ట్రం విడిపోయే ముందు, 2014 మే 8న, జీవో 20 ఇచ్చారు. ప్లాంటు ఏ వైపు ఉన్నా, కరెంటు తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం. దశాంశం తర్వాత రెండంకెల దాకా పంచారు. సూర్యుణ్ణి మాత్రం మరిచిపోయారు. ఆయన శ్రీకాకుళంలో ఉదయించిన ఇరవై నిమిషాలకు గానీ హైదరాబాదుకు రాడు. అంటే ఒక బ్లాకు పైచిలుకు ఎండ రోజూ ఉమ్మడి ఖాతాలో పడకుండా ఆంధ్రకు వెళ్తోంది. సాయంత్రం హైదరాబాదులో ఇరవై నిమిషాలు ఎక్కువ ఉంటాడు కదా అని ఆంధ్రవాళ్ళు ఎదురు లెక్క తీస్తారు, తీయకుండా ఉండరు.

లెక్కలన్నాను కాబట్టి చెబుతున్నాను. విభజన నాటి నుంచి 2017 జూన్ దాకా ఆంధ్రా విద్యుత్ ఉత్పత్తి సంస్థ జెన్‌కో తెలంగాణకు కరెంటు ఇచ్చింది. ఆ బాకీ కింద 3,441 కోట్లు అసలు, 3,315 కోట్లు ఆలస్య రుసుము కట్టమని 2022 ఆగస్టులో కేంద్రం తెలంగాణను ఆదేశించింది. మీరే మాకు బాకీ అని తెలంగాణ అంది. 2023లో తెలంగాణ హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. పంచుకున్న కరెంటు క్షణంలో ఖర్చయిపోయింది. పంచుకోని బిల్లు మాత్రం అసలుతో సమానంగా పిల్లలు పెట్టి ఇంకా నడుస్తోంది.

స్థానికుడైన సూర్యుడికి మనం ఇచ్చే గౌరవం కూడా చూడండి. అనంతపురం, కర్నూలు జిల్లాలను మించిన ఎండ ఎక్కడుందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. 2019 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి పాత గాలి, సౌర ఒప్పందాల రేట్లు ఎక్కువనిపించాయి. ఎక్కువే కావచ్చు. గాలి కరెంటు యూనిట్ 4 రూపాయల 84 పైసల దాకా ఉండేది, తర్వాత దేశంలో రేట్లు బాగా పడ్డాయి. దాంతో పాతికేళ్ళకు రాసుకున్న సంతకాల మీద కమిటీ వేశారు. సెప్టెంబరులో హైకోర్టు, విషయం తేలేదాకా గాలికి 2 రూపాయల 43 పైసలు, ఎండకు 2 రూపాయల 44 పైసలు ఇవ్వమంది. తేలడానికి 2022 మార్చి 15 దాకా పట్టింది. ఒప్పందంలో ఎంత రాసుకున్నారో అంతే కట్టమని డివిజన్ బెంచ్ చెప్పింది. ఎండకూ గాలికీ ఒక్క పైసా తేడా ఎందుకు వచ్చిందో నాకిప్పటికీ అర్థం కాలేదు, సూర్యుడి తరఫు లాయరు గట్టిగా వాదించినట్టున్నాడు.

ఆ కేసు ఇంకా నడుస్తుండగానే, 2021 డిసెంబరులో అదే ప్రభుత్వం రైతుల ఉచిత కరెంటు కోసమని 7,000 మెగావాట్ల సౌర విద్యుత్‌కు, యూనిట్ 2 రూపాయల 49 పైసల చొప్పున ఇంకో పాతికేళ్ళ సంతకం పెట్టింది. ఆ కరెంటు వచ్చేది రాజస్థాన్ నుంచి. అనంతపురం సూర్యుడు ఖరీదెక్కువ, రాజస్థాన్ సూర్యుడు చవక. ఇందులో మాయేమీ లేదు. 2025 జూన్ 30 లోపు పూర్తయ్యే సౌర, గాలి ప్రాజెక్టులకు అంతర్రాష్ట్ర లైన్ల చార్జీలు కేంద్రం మాఫీ చేసింది. ఎడారి ఎండ ఉచిత పాస్ మీద వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రయాణం చేసి మన బోరుబావి దగ్గరికి వస్తుంది. ఆ లైన్ల ఖర్చు అందరి బిల్లుల్లో సర్దుబాటవుతుంది, అంతే.

ఒక్క మాట నిజాయితీగా ఒప్పుకుంటాను, ఇలా పంచుకోవడంలో లాభముంది. జైసల్మేర్‌లో పొద్దు శ్రీకాకుళం కన్నా దాదాపు గంట ఆలస్యంగా వాలుతుంది. మనకు చీకటి పడే వేళకు అక్కడి ప్యానెళ్ళు ఇంకా కాస్త పనిచేస్తుంటాయి. 2013 డిసెంబర్ 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైను కలిసేదాకా దక్షిణాది గ్రిడ్‌ది వేరు కాపురం. రామగుండం వైపు నుంచీ, గాజువాక మీదుగానూ డీసీ లింకులతో కొంచెం కరెంటు వచ్చేది. మిగతా దేశంలో ఎక్స్ఛేంజీలో చవగ్గా దొరికే కరెంటు దక్షిణాదికి వచ్చేసరికి లైను చాలక ఆగిపోయేది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది, తూర్పు రాష్ట్రాలు చీకట్లో మునిగినప్పుడు మనకు లైటు పోకపోవడానికి కారణం కూడా ఆ వేరు కాపురమే. అప్పట్లో మనవాళ్ళు దాన్ని మన ఘనతగా చెప్పుకున్నారు.

లైను కలిసినంత తేలిగ్గా చట్టాలు కలవవు. ఇది మన ఒక్కరి గొడవ కాదు. 2014 నవంబరులో ఖాట్మండులో సార్క్ దేశాలు విద్యుత్ సహకార ఒప్పందం మీద సంతకాలు చేశాయి. పదేళ్ళకు, 2024 నవంబర్ 15న, నేపాల్ నీటి కరెంటు మన లైన్ల మీదుగా మొదటిసారి బంగ్లాదేశ్ చేరింది. ఎంతనుకున్నారు? 40 మెగావాట్లు. ఒప్పందం ప్రకారం ఏటా జూన్ 15 నుంచి నవంబర్ 15 దాకే ఇవ్వాలి. కాబట్టి మొదలైన రోజే ఆ ఏటికి ఆఖరి రోజు. ఇక చైనా పెట్టుబడి తగిలిన నేపాల్ ప్రాజెక్టు కరెంటును మనం కొనం. ఎలక్ట్రాన్‌కు పాస్‌పోర్టు లేకపోయినా వంశవృక్షం అడుగుతున్నామన్న మాట. ఈ పద్ధతి సూర్యుడికీ వర్తింపజేయాలి. ఆయన రోజూ మన దగ్గరికి వచ్చే ముందు చైనా మీదుగానే వస్తున్నాడు.

వాతావరణ లక్ష్యాల విషయంలో మాత్రం ఎవరూ మనల్ని వేలెత్తి చూపలేరు. 2021 నవంబర్ 1న గ్లాస్గోలో ప్రధాని ఐదు వాగ్దానాలు చేశారు. 2030కల్లా శిలాజేతర, అంటే బొగ్గు, గ్యాస్ లాంటివి కాని, సామర్థ్యం 500 గిగావాట్లు, ఇంధన అవసరాల్లో సగం పునరుత్పాదకం, 2070కల్లా నెట్ జీరో, అంటే నికర కర్బన ఉద్గారాలు సున్నా, ఇలా. మరుసటి ఏడాది ఆగస్టులో ఐక్యరాజ్యసమితికి పంపే కాగితం మీదికి వచ్చేసరికి ఆ సగం, స్థాపిత సామర్థ్యంలో సగం అయింది. కాగితం మీద పెట్టేటప్పుడు జాగ్రత్తగా పెట్టాలి మరి. 2025 జులైలో ఆ సగం దాటేశామని, ఐదేళ్ళు ముందే సాధించామని ప్రకటించారు. నిజమే, సాధించాం. బిగించిన మెగావాట్లలో సగం శిలాజేతరమే. అదే 2024లో వాస్తవంగా పుట్టిన యూనిట్లను లెక్కేస్తే, పదిలో ఏడుకు పైగా బొగ్గువే. ఒక మెగావాటు ప్యానెల్ ఏడాదంతా కష్టపడి ఇచ్చే కరెంటు, ఒక మెగావాటు బొగ్గు ప్లాంటు ఇచ్చేదాంట్లో సుమారు మూడో వంతు. హాజరు పట్టీలో ఇద్దరూ సమానమే కదా. నల్గొండ జిల్లా దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు కట్టుకున్న మనకు ఇంతకన్నా అనుకూలమైన లెక్క ఎవరు తయారుచేసి పెడతారు?

డిస్కంలకూ ఒక లక్ష్యముంది. వాడే కరెంటులో 2024-25కు 29.91 శాతం, 2029-30 నాటికి 43.33 శాతం పునరుత్పాదకం ఉండాలి. చేయలేకపోతే సర్టిఫికెట్లు కొనుక్కోవచ్చు. ఎక్కడో ఎవరో పుట్టించిన వెయ్యి యూనిట్ల పుణ్యం ఒక సర్టిఫికెట్. అది కొన్న డిస్కం బొగ్గు కరెంటు ఇస్తూనే పచ్చబడుతుంది. ఒకవైపు పుణ్యం కొంటారు, ఇంకోవైపు సొంత జిల్లాలో ఎండను ఫోన్ చేసి ఆపేస్తారు. రెండు పనులూ ఒకే రోజు, ఒకే ఆఫీసులో, వేరువేరు సెక్షన్లలో జరగడానికి చట్టంలో అడ్డేమీ లేదు.

మధ్యాహ్నం ఎండను సాయంత్రానికి దాచుకోవాలని ఈ మధ్య అందరూ అంటున్నారు. నంద్యాల జిల్లా పిన్నాపురంలో అందుకోసమే 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ కట్టారు. అసలు మన దగ్గర ఆ ఏర్పాటు పాతదే. శ్రీశైలం ఎడమగట్టున ఒక్కోటి 150 మెగావాట్ల రివర్సిబుల్ టర్బైన్లు ఆరున్నాయి. పగలు చవక కరెంటుతో నీళ్ళు పైకెత్తి, సాయంత్రం కిందికి వదిలి ఖరీదైన కరెంటు తీయొచ్చు. సాంకేతికంగా అంతే. కానీ ఆ నీళ్ళు కృష్ణ నీళ్ళు. కిందికి వదిలితే తాగునీటికి, సాగునీటికి అన్యాయమని ఒక గట్టు, మా కరెంటు మేం తీసుకుంటామని ఇంకో గట్టు. 2021లో డ్యాముల మీద రెండు రాష్ట్రాల పోలీసులు మోహరించారు. పైకెత్తిన నీళ్ళు మళ్ళీ అదే నీళ్ళా, కొత్త నీళ్ళా, ఎవరి వాటాలో రాయాలి అన్న ప్రశ్న ఇంకా ఎవరూ అడిగినట్టు లేదు. అడిగితే కృష్ణా జలాల ట్రిబ్యునల్ గడువు మరో పదేళ్ళు పొడిగించాలి కాబట్టి నేనూ అడగడం లేదు.

వీళ్ళందరిలో సూర్యుడితో రాజీపడినది ఒకే ఒక్కటి, వ్యవసాయ మోటారు. ఒకప్పుడు అగ్రి ఫీడర్‌కు, అంటే పొలాల లైనుకు, కరెంటు రాత్రి రెండింటికి వచ్చేది. రైతు టార్చిలైటు పట్టుకుని, చెప్పుల్లేకుండా తడి గట్టు మీద నడిచి, స్టార్టర్ డబ్బా తెరిచి బటన్ నొక్కేవాడు. పాము కాటుకూ షాకుకూ ఎంతమంది పోయారో ఊళ్ళలో అడిగితే చెబుతారు. ఇప్పుడు ఆంధ్రలో ఆ కరెంటు పగటిపూట తొమ్మిది గంటలు ఇస్తున్నారు. ఎండ ఉన్నప్పుడే మోటారు తిరుగుతోంది. దీనికి ఏ మార్కెట్ కప్లింగూ అక్కర్లేకపోయింది, వేళ మార్చారు అంతే. ఇంత సులువైన పని, విధానం కిందికి రాదని నా అనుమానం, అందుకే ఏ సదస్సులోనూ దీని ఊసెత్తరు.

వేళ మార్చమని ఇప్పుడు మనల్నీ అడుగుతున్నారు. 2023 నిబంధనల ప్రకారం ఎండ వేళల్లో యూనిట్ కనీసం ఇరవై శాతం చవగ్గా, పీక్ వేళల్లో ఖరీదుగా ఉండాలి. స్మార్ట్ మీటర్ పెట్టిన ఇంటికి ఇది వర్తిస్తుంది. కాబట్టి వాషింగ్ మెషీను పన్నెండింటికి వేసుకోవాలి. ఆ వేళకు భర్త ఆఫీసులో, భార్య ఆఫీసులో, పిల్లలు స్కూల్లో ఉంటారు. ఇంట్లో ఉండేది మీటరొక్కటే, అది మాత్రం చాలా స్మార్టుగా ఉంటుంది.

పై కారణాల దృష్ట్యా, గౌరవ మండళ్ళను నేను కోరేది ఇది. సూర్యుణ్ణి ఉత్పత్తిదారుగా రిజిస్టర్ చేయాలి. మధ్యాహ్నం రెండు గంటల ఎండను సాయంత్రం ఏడింటికి మార్చి ఇమ్మని షోకాజ్ నోటీసు ఇవ్వాలి. ఆయన స్థానికతను తేల్చడానికి ఒక కమిటీ వేసి, కమిటీ తేల్చేదాకా 53.89, 46.11 నిష్పత్తినే తాత్కాలికంగా వాడుకోవాలి. ఈ విచారణకయ్యే ఖర్చు గురించి మండళ్ళు దిగులు పడనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2022-23లో వాడిన కరెంటు కొనుగోలుకు అదనంగా అయిన ఆరు వేల కోట్ల పైచిలుకును 2024 డిసెంబర్ నుంచి జనం బిల్లుల్లో వసూలు చేసుకునే దారి దొరికింది కదా. ఆ చార్జీ మనిషి మీద కాదు, మీటరు మీద పడుతుంది. అప్పుడు ఏసీ వేసుకున్నవాడు ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినా ఫర్వాలేదు. కాబట్టి నా పిటిషన్ ఖర్చు కూడా ఇంకో మూడేళ్ళకు తీరిగ్గా తేల్చి, అప్పటికి మా పోర్షన్‌లో ఎవరు అద్దెకుంటే వాళ్ళ బిల్లులో వేసుకోవచ్చు. ఓనరుగారికి నేను చెప్పిపెడతాను.